నగర వాననీటి మోడళ్ళలో నాణ్యత లెక్క: దిగువ ఆయకట్టు కోణం

హైదరాబాదు నగరంలో గట్టి వాన పడిన ప్రతిసారీ నాలాలు, చెరువులు, లోతట్టు కాలనీలు చర్చకు వస్తాయి. ఎంత నీరు వచ్చింది, ఎక్కడ నిలిచింది, ఏ నాలా ఎంత వెడల్పు ఉండవలసింది అన్న లెక్కలు ఈనాడు కంప్యూటర్ మోడళ్ళతో వేయబడుతున్నాయి. వాన వెలిసిన తరువాత ఆ నీరు నగరం దాటి మూసీలో కలిసి, ప్రతాపసింగారం, పిల్లాయిపల్లి వంటి గ్రామాల మీదుగా దిగువకు పోతుంది. నదికి అడ్డంగా కట్టిన కత్వల నుంచి కాలువల ద్వారా వరి మళ్ళకు, పారా గడ్డి పొలాలకు, ఆకుకూర మడులకు పారుతుంది. నీటి పరిమాణం లెక్కలో చూపిన శ్రద్ధలో పదోవంతు కూడా ఆ నీటిలో కొట్టుకువచ్చిన పదార్థాల లెక్కలో కనిపించదు. నగర వాననీటి మోడలింగ్ సివిల్ ఇంజనీర్లకు సంబంధించిన విషయమన్న అభిప్రాయం వ్యవసాయ విద్యారంగంలో స్థిరపడి ఉన్నది. చరిత్ర దృష్ట్యా ఆ అభిప్రాయం సరికాదు. దిగువ రైతు దృష్ట్యా అది నష్టదాయకం కూడా.

ఈ మోడళ్ళ పుట్టుక చూస్తే వాటి వేళ్ళు పొలంలోనే ఉన్నట్లు తెలుస్తుంది. నేలలో నీరు ఇంకే వేగాన్ని లెక్కించే గ్రీన్–ఆంప్ట్ సమీకరణం 1911లో ఒక వ్యవసాయ శాస్త్ర పత్రికలో, మృత్తికా భౌతికశాస్త్ర అధ్యయనంగా వెలువడినది. కర్వ్ నంబర్ పద్ధతిని 1950లలో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన భూసార సంరక్షణ విభాగం చిన్న వాగుల పరీవాహక ప్రాంతాల కోసం రూపొందించినది. అదే విభాగం 1975లో దానిని పట్టణ ప్రాంతాలకు అన్వయిస్తూ ఒక సాంకేతిక కరదీపికను ప్రచురించిన తరువాతనే అది నగర ఇంజనీర్ల చేతికి విస్తృతంగా చేరినది. 1971లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆధ్వర్యంలో వెలువడిన స్టార్మ్ వాటర్ మేనేజ్‌మెంట్ మోడల్, అనగా వాడుకలో స్వమ్ అనబడేది, నేటికీ ఈ రంగంలో అత్యధికంగా వాడబడుతున్న సాధనాలలో ఒకటి. ఉచితంగా లభించడం దాని వ్యాప్తికి ఒక ముఖ్య కారణం. దానిలో ఇంకుదలను లెక్కించడానికి ఉన్న పద్ధతులలో గ్రీన్–ఆంప్ట్, కర్వ్ నంబర్ రెండూ ఉన్నాయి. అంటే మృత్తికా శాస్త్ర విద్యార్థి రెండవ సంవత్సరంలో చదివే పాఠమే నగర మోడల్ గుండెకాయ. పుట్టింటి వస్తువును పరాయిదనుకోవడం వంటిది ఈ ఉదాసీనత.

కర్వ్ నంబర్ పద్ధతితో ఒక చిన్న లెక్క వేసి చూడడం ఇక్కడ ఉపయోగకరం. ఒక సాగు భూమికి కర్వ్ నంబర్ 75 అనుకుందాం. అదే భూమి లేఅవుట్‌గా మారి రోడ్లు, డాబాలు వచ్చిన తరువాత 92 అనుకుందాం. ఒక రోజు 100 మిల్లీమీటర్ల వాన పడితే సాగు భూమి నుంచి సుమారు 41 మిల్లీమీటర్ల నీరు పారుతుంది. లేఅవుట్ నుంచి సుమారు 78 మిల్లీమీటర్లు పారుతుంది. పెరుగుదల రెట్టింపునకు లోపే. ఇక 20 మిల్లీమీటర్ల మామూలు వానను తీసుకుంటే, సాగు భూమి నుంచి పారేది 0.1 మిల్లీమీటరు మాత్రమే. లేఅవుట్ నుంచి 6.4 మిల్లీమీటర్లు. అరవై రెట్లు. హెక్టారుకు లెక్కిస్తే ఒక ఘనపు మీటరు పారే చోట 64 ఘనపు మీటర్లు పారుతాయి. చిన్న వానల విషయంలో ఈ పద్ధతి కచ్చితత్వం తక్కువన్నది తెలిసినదే కనుక ఆ అరవైని అక్షరాలా నమ్మవలసిన పనిలేదు. అయినా దిశ విషయంలో సందేహం లేదు. పట్టణీకరణ వరదను పెంచుతుందన్నది అందరికీ తెలిసిన మాట. అంతకుముందు నేలలో ఇంకిపోయి, వాగు ముఖమే చూడని చిన్న వానలను అది నాలా పాలు చేస్తుందన్నది అంతగా ప్రచారంలోకి రాని మాట. నగరపు మురికిని ఏడాది పొడవునా కడిగి దిగువకు చేర్చేవి ప్రధానంగా ఆ చిన్న వానలే.

విద్యార్థుల పరిశోధనలలో తరచుగా జరిగే ఒక పొరపాటును ఇదే లెక్క బయటపెడుతుంది. సగం కాంక్రీటు, సగం తోట ఉన్న ఒక ప్రాంతానికి 98, 75 అన్న రెండు నంబర్ల సగటు 86.5 తీసుకుని మోడల్‌లో వేయడం పరిపాటి. 100 మిల్లీమీటర్ల వానకు సగటుతో వచ్చే జవాబు 64 మిల్లీమీటర్లు; రెండు భాగాలను వేరువేరుగా లెక్కించి కలిపితే 68. తేడా స్వల్పం. 20 మిల్లీమీటర్ల వానకు సగటు చెప్పేది 2.8, విడిగా లెక్కిస్తే 7.5. వరద లెక్కకు చెల్లిన అడ్డదారి నాణ్యత లెక్కకు చెల్లదు. నల్లరేగడి నేల ముందే తడిసి ఉన్నప్పుడు ప్రారంభ నష్టపు గుణకాన్ని 0.2కు బదులు 0.1గా తీసుకోవాలని భారతీయ పాఠ్యపుస్తకాలు చెప్పే మాటను కూడా మోడల్ నడిపేవారు చాలాసార్లు గుర్తుంచుకోరు. సాఫ్ట్‌వేర్ తెర మీద కనిపించిన విలువను అలాగే ఉంచేయడం సులువు.

నాణ్యత భాగానికి వస్తే పరిస్థితి మరింత సున్నితమైనది. స్వమ్‌లోను, దాని కోవలోని ఇతర మోడళ్ళలోను కాలుష్యం లెక్క రెండు మెట్లుగా సాగుతుంది. వాన లేని రోజులలో రోడ్ల మీద, కప్పుల మీద దుమ్ము, నూనె, టైరు పొడి, చెత్త పేరుకోవడం మొదటిది. వాన పడినప్పుడు దాని వేగాన్ని బట్టి అవి కొట్టుకుపోవడం రెండవది. వీటి వెనుక 1972లో సార్టర్, బాయిడ్ అన్న పరిశోధకులు అమెరికా నగరాల వీధుల దుమ్ము మీద వెలువరించిన అధ్యయనపు ముద్ర బలంగా ఉన్నది. పేరుకునే వక్రరేఖ మొదట వేగంగా లేచి, కొద్ది రోజులలోనే ఒక గరిష్ఠ స్థాయి వద్ద చదునవుతుంది. అంటే పది రోజులు వాన లేకపోయినా, ఐదు నెలలు లేకపోయినా రోడ్డు మీది మురికి దాదాపు ఒకటే అని మోడల్ భావిస్తుంది. కొద్ది రోజులకొకసారి వాన పడే చోట ఆ ఊహతో పెద్ద ప్రమాదం లేదు.

దక్కను పీఠభూమిలో రుతుక్రమం వేరు. ఈశాన్య రుతుపవనాల చివరి జల్లు తరువాత రోహిణి కార్తె ముగిసేవరకు మధ్యలో ఒకటి రెండు అకాల వర్షాలు తప్ప నగరం ఎండిపోయే ఉంటుంది. రోడ్డు మీది దుమ్మును గాలి అటూ ఇటూ చేస్తుంది, ఊడ్చినది కాలువ అంచున చేరుతుంది, నాలా అడుగున ఒండు అడుగుల కొద్దీ పేరుకుంటుంది. వీధి దుమ్ముకు వర్తించే వక్రరేఖ నాలా ఒండుకు వర్తించదు. మృగశిరలో పడే మొదటి గట్టి వాన ఈ రెండింటినీ ఒకేసారి కదిలిస్తుంది. పైగా మోడల్ వాననీటి కాలువ వేరు, మురుగు కాలువ వేరు అన్న ఏర్పాటును ఊహిస్తుంది. చట్టంలోను, ఇంజనీరింగ్ కరదీపికలలోను అదే ఏర్పాటు ఉన్నది. కూకట్‌పల్లి నాలా ఒడ్డున ఒక మండు వేసవి నాడు నిలబడినవారికి అసలు ఏర్పాటు ఏమిటో వాసనే చెబుతుంది. వాన లేని రోజున కూడా నాలాలో పారే ఆ నీటిని ‘పొడి వాతావరణ ప్రవాహం’ అన్న పేరుతో నమోదు చేసే సౌకర్యం స్వమ్‌లో ఉన్నది. దానిని కొలిచి నింపే ఓపిక కావాలి. అది సున్నా అని వదిలేసిన మోడల్ వాననీరు, మురుగు నిజంగా వేరువేరుగా పారే చోట సరిపోవచ్చు గాని మూసీకి సరిపోదు.

పేరు పెట్టని పదార్థాన్ని మోడల్ లెక్కించలేదన్నది మరొక పరిమితి. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో శరత్కాలపు వానలకు వాగులలోకి ఎదురీదే కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే చనిపోవడం ఎన్నో ఏళ్ళపాటు అంతుపట్టని విషయంగా ఉండేది. నగర వాననీరే కారణమని తెలుసు. అందులో ఏది అన్నది తెలియదు. లోహాలు, నూనెలు, పురుగుమందులు అన్నీ కొలిచినా జవాబు దొరకలేదు. చివరకు 2020లో వెలువడిన పరిశోధన దోషిని పట్టుకున్నది. టైరు రబ్బరు పగలకుండా కలిపే 6పీపీడీ అన్న రసాయనం గాలిలోని ఓజోన్‌తో చర్య జరిపినప్పుడు ఏర్పడే 6పీపీడీ–క్వినోన్ అది. అంతవరకు ఏ మోడల్‌లోనూ దానికి గడి లేదు. కొలతకు మోడల్ ప్రత్యామ్నాయం కాగలదన్న వాదనకు ఈ ఒక్క ఉదాహరణ చాలిన సమాధానం. హైదరాబాదు రోడ్ల మీద తిరిగే టైర్లు వేరే రబ్బరువి కావు.

తెలుగులో ‘నమూనా’ అన్న మాటను మోడల్‌కూ వాడతారు, సీసాలో పట్టిన నీటికీ వాడతారు. భాషలో ఒకటిగా ఉన్న ఈ రెండూ పరిశోధనా వ్యాసాలలో విడిపోతున్నాయి. ఉపగ్రహ చిత్రం నుంచి భూవినియోగ పటం, అంతర్జాలం నుంచి భూమి ఎత్తుపల్లాల పటం, ఒక వర్షమాపక కేంద్రపు రోజువారీ అంకెలు తీసుకుని, బల్ల దగ్గర కూర్చునే నగరపు నీటి నాణ్యతను ‘అంచనా’ వేసిన వ్యాసాలు పెరుగుతున్నాయి. నీటి సీసా ఒక్కటీ నింపకుండా నాణ్యత మీద సిద్ధాంత గ్రంథం పూర్తి కావడం విచిత్రమే. రోజువారీ వాన లెక్క ఈ పనికి చాలదు. నగరంలోని చిన్న ఉపపరీవాహక ప్రాంతంలో వాన మొదలైన అరగంట, గంటలోపే ప్రవాహం గరిష్ఠ స్థాయికి చేరుతుంది; మురికిలో పెద్ద భాగం ఆ గరిష్ఠానికి ముందే పోవచ్చు. పావుగంటకొకసారి నమోదయ్యే వాన వివరాలు కావాలి. తెలంగాణలో స్వయంచాలక వాతావరణ కేంద్రాల జాలం విస్తరించినందున ఆ కొరత నేడు కొంత తీరినది. తీరనిది నాలాలో ప్రవాహపు కొలత, నీటి నమూనాల సేకరణ.

సరిచూడడంలో మరొక చిక్కు ఉన్నది. మోడల్ ఎంత బాగున్నదో చెప్పడానికి 1970లో నాష్, సట్‌క్లిఫ్ ప్రతిపాదించిన సామర్థ్య సూచికను విరివిగా వాడతారు. అది తేడాల వర్గాలను కూడుతుంది కనుక పెద్ద ప్రవాహాలకు పెద్దపీట వేస్తుంది. ఏడాదిలోని రెండు మూడు భారీ వానలను సరిగా పట్టిన మోడల్‌కు మంచి మార్కులు వస్తాయి. ముప్పై చిన్న వానలను తప్పు చెప్పినా ఆ మార్కులు పెద్దగా తగ్గవు. పైన చూపినట్లు దిగువ రైతుకు చేరే నాణ్యతను నిర్ణయించేవి ఆ ముప్పై వానలే. 0.8 సామర్థ్యం వచ్చిందని వ్యాసంలో రాసే ముందు, ఏ వానలకు వచ్చిందని మార్గదర్శకులు అడగవలసి ఉన్నది.

నగర యంత్రాంగం దృష్టి పరిమాణం మీదనే నిలవడానికి చారిత్రక కారణం ఉన్నది. 1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరద వేలాది ప్రాణాలు తీసినది. ఎగువన వందలాది చెరువులు ఉండగా వాటిలో రెండు వందలకు పైగా తెగిపోయాయి. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలుపుపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితమే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజే 24 సెంటీమీటర్ల వాన పడినది. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో నగర శివార్లలో కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లు దాటినది. రాజేంద్రనగర్ మండలం గగన్‌పహాడ్ వద్ద అప్ప చెరువు తెగి జాతీయ రహదారి మీద ప్రాణనష్టం జరిగినది. ఇటువంటి అనుభవాలున్న నగరం వరదను ముందుగా లెక్కించడం సహజం, అవసరం కూడా. అయితే ఆ లెక్క కోసం ఎలాగూ సిద్ధమవుతున్న మోడల్‌కు నాణ్యత భాగాన్ని జతచేయడానికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. అదే సాధనంలో ఆ భాగం ఖాళీగా ఉన్నది. ఎగువ వైపు కూడా ఈ లెక్క అవసరం పెరుగుతున్నది. జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలను నియంత్రిస్తూ 1996లో వచ్చిన 111వ నంబరు ఉత్తర్వు ఆంక్షలు 2022లో సడలించబడ్డాయి. అక్కడి జొన్న చేలు, తోటలు లేఅవుట్లుగా మారితే చిన్న వానలకు ఏమి జరుగుతుందో పై లెక్కలోని 75, 92 అంకెలు సూచిస్తూనే ఉన్నాయి.

మూసీకి అవసరమైనది మురుగునీటి శుద్ధి కేంద్రాలే గాని మోడళ్ళు కావని కొందరు వాదిస్తారు. శుద్ధి కేంద్రాలు అవసరమన్నది నిర్వివాదం. అవి గొట్టంలో వచ్చే మురుగును శుద్ధి చేస్తాయి. రోడ్డు మీద నుంచి, పారిశ్రామిక వాడల పెరళ్ళ నుంచి నేరుగా నాలాలోకి దిగే వాననీరు వాటి గుమ్మం తొక్కదు. మురుగు శుద్ధి మెరుగుపడే కొద్దీ మిగిలిన కాలుష్యంలో వాననీటి వాటా పెరుగుతుంది. సీసం లేని పెట్రోలు దేశమంతటా వచ్చిన తరువాత రోడ్డు దుమ్ములో సీసం తగ్గే దారి పట్టినా, బ్రేకుల నుంచి రాగి, టైర్ల నుంచి, జింకు పూసిన కప్పుల నుంచి జింకు వస్తూనే ఉంటాయి.

రైతుకు నీటి రంగు, నురగ, వాసన చూసి తెలుసుకునే నేర్పు ఉన్నదని, శాస్త్రవేత్త కొత్తగా చెప్పేదేమీ లేదని మరికొందరు అంటారు. ఈ మాటలో సగం నిజమున్నది. కత్వ దగ్గర నీరు వదిలే వ్యక్తికి తెలిసినంత ఏ మోడల్‌కూ తెలియదు, అతని అనుభవం మోడల్‌లోకి ఎక్కవలసిన సమాచారమే. కాని ఉప్పుకు రంగు లేదు, కరిగిన లోహానికి వాసన లేదు, నులిపురుగుల గుడ్లు కంటికి కనబడవు. విద్యుత్ వాహకత మీటరుకు 0.7 డెసీసీమెన్స్ దాటితే సాగులో జాగ్రత్తలు మొదలుకావాలని, 3 దాటితే తీవ్ర పరిమితులు తప్పవని ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. పచ్చిగా తినే పంటలకు పారించే నీటిలో 100 మిల్లీలీటర్లకు మలసంబంధ కోలిఫాం 1000కి, లీటరుకు నులిపురుగు గుడ్డు ఒకటికి మించరాదని 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. 2006లో దానిని మరింత వెసులుబాటు గల ఆరోగ్య లక్ష్యాలుగా మార్చినది. ఈ సంఖ్యలతో పోల్చడానికి కత్వ దగ్గర ఏ వానకు, ఎన్ని గంటల తరువాత, ఎంత వచ్చినదన్న సమాచారం ఉండాలి.

మోడల్ రైతుకు నిజంగా ఉపయోగపడగల చోటు అదే. మృగశిరలో నారుమడి పోసుకుని నీటి కోసం ఎదురుచూసే రైతు కాలువలోకి వచ్చిన మొదటి నీటినే మడికి పెడతాడు. ఆ నీరే ఏడాది మొత్తంలో అతి మురికి నీరు కావచ్చు. ఒక రోజు ఆగి పెట్టుకుంటే పలచబడిన నీరు దొరుకుతుందా, రెండు రోజులు ఆగాలా, లేక నాలా ఒండు కదిలినందున వారం గడిచినా తేడా ఉండదా అన్నది నాలా పొడవు, వాలు, వాన వేగం మీద ఆధారపడిన ప్రశ్న. సరిచూసిన మోడల్ దీనికి గంటలలో జవాబు చెప్పగలదు. సరిచూడని మోడల్ కూడా చెబుతుంది, అంతే ధీమాగా చెబుతుంది. దానిని నమ్మి విస్తరణ అధికారి రైతును రెండు రోజులు ఆపితే, ఆ రెండు రోజులలో నారు ఎండితే, తరువాతి ఏడాది ఆ అధికారి ఏమి చెప్పినా ఊరు వినదు. పైగా నాలా నీటిలో నత్రజని, భాస్వరం ఉన్నాయని రైతుకు తెలుసు. ఆ నీటిని నమ్మి ఎరువు తగ్గించుకునేవారూ ఉన్నారు. నీరు చెడ్డదని ఒక్క ముక్కలో తేల్చే సలహా అతని లెక్కకు అందదు. ఏ రోజు నీరు, ఏ పంటకు అన్న వివరం కావాలి; గడ్డికి పనికివచ్చేది కొత్తిమీరకు పనికిరాదు.

ఈ విషయం మూసీకే పరిమితం కాదు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచిన బుడమేరు చివరకు చేరేది కొల్లేటికి. పొలాలు, చేపల చెరువులు, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. అక్కడ కూడా చర్చ గండ్లు, గట్లు, క్యూసెక్కుల చుట్టూనే సాగినది.

రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, నీటి యాజమాన్య శిక్షణ సంస్థ రెండూ మూసీ పరీవాహకంలోనే ఉన్నాయి. పెద్ద ప్రాజెక్టు మంజూరయ్యేవరకు ఆగవలసిన పనిలేదు. ఒక స్నాతకోత్తర విద్యార్థి, ఒక కత్వ, ఒక వానాకాలం చాలు. నీటి మట్టం చూపే గుర్తుల పలక ఒకటి, విద్యుత్ వాహకత కొలిచే చేతి మీటరు ఒకటి, కడిగి ఆరబెట్టిన రెండు డజన్ల సీసాలు, కత్వ కాపలాదారు ఫోను నంబరు కావాలి. మొదటి మూడు వానలకు, వాన మొదలైన గంట నుంచి మరుసటి రోజు సాయంత్రం వరకు, మొదట గంటకొకసారి, తరువాత మూడు గంటలకొకసారి నీరు పట్టాలి. అర్ధరాత్రి పడే వానకు కూడా పట్టాలి. మొదటి వానలు తరచు సాయంత్రం ఉరుములతో మొదలై చీకటిలోనే నాలా దిగుతాయి కనుక పగటి నమూనాలతో ఈ పని సాగదు. తేలియాడే ఘనపదార్థాలు, లవణాలు, నత్రజని, కోలిఫాం, జింకు, రాగి అన్న ఆరింటిని విశ్లేషించే సౌకర్యం మృత్తికా, సూక్ష్మజీవ శాస్త్ర విభాగాలలో సమకూర్చుకోదగినదే. మొదటి రెండు వానలతో మోడల్‌ను సరిచేసి, మూడవ వానను ముందుగా చెప్పించి, ఆ చెప్పినదానిని సీసాలతో పోల్చిన పటం ఒక్కటి సిద్ధాంత గ్రంథంలో ఉండాలి. ఆ పటంలో రెండు గీతలు కలవకపోతే కలవలేదనే రాయాలి. ఆ ఊరి రైతులకు ఆ సంవత్సరం నీటి సలహా ఇవ్వకూడదు.